నాలుక మీద వేసిన నింద

పోయిన వానాకాలం ఒక పొద్దున నేరేడుచర్ల నుంచి సుజాత ఫోన్ చేసింది. సుజాత మా పెద్దమ్మ రాములమ్మ కూతురు, నాకు చెల్లెలి వరస. "అమ్మ పోయింది అన్నా. చిన్నమ్మకు చెప్పు. వస్తదో రాదో ఆమె ఇష్టం," అని పెట్టేసింది. సూర్యాపేటలో మా ఇంటి వసారాలో మా అమ్మ అండాలు చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతూ ఉంది. అమ్మ ఎడమకంటికి చూపు లేదు. నల్లగుడ్డు మీద పువ్వు కమ్మి, ఉడికిన గుడ్డు తెల్లసొన రంగుకు తిరిగి చాలా ఏళ్ళయింది. అందుకని పప్పు ఏరేటప్పుడు తల ఎడమకు తిప్పి, కుడికంటిని చాట మీదికి తెచ్చుకుంటుంది. నేను చెప్పింది విని చెయ్యి ఆపలేదు. "ఆమె నాకు ఎన్నడో సచ్చిపోయింది," అంది.

మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. ఆ చీర లేకుండా పాడె లేస్తే, పోయిన మనిషికి వెనక ఎవరూ లేరని అర్థం. పెద్దమ్మకు పుట్టింటి తరఫున మిగిలింది అమ్మ ఒక్కతే. ఆ చీర పోవాలా వద్దా అన్నదే ఆ పొద్దున మా ఇంట్లో తేలవలసిన విషయం. పెద్దమ్మ నాలుక వల్ల అమ్మ కన్ను పోయిందని మా బంధువులంతా నమ్ముతారు. అమ్మ నమ్ముతుంది. ఆ కథను అందరికంటే ఎక్కువమందికి, అందరికంటే బాగా చెప్పినవాణ్ణి నేను. అది జరిగిన తీరు వేరు. ఎలా జరిగిందో రాయాలంటే మిర్యాలగూడలో మా దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

మిర్యాలగూడలో మా ఇంటి ముందు గది నాయన మందుల దుకాణం, వెనక రెండు గదులు మేము. చుట్టూ రైస్ మిల్లులు. వడ్లు ఉడకబెట్టే వాసన తెల్లవారకముందే ఇంట్లోకి వచ్చేది. పులిసిన కుడితి, తడిసిన గోనెసంచి కలిపినట్టు ఉండే వాసన అది. మిల్లు గొట్టాల నుంచి లేచిన ఊకబూడిద దండెం మీది బట్టల మీద, నీళ్ళ బిందెల మీద, విప్పిన పుస్తకం మీద నల్లగా వాలేది. అమ్మ పొద్దున లేవగానే తడిగుడ్డతో దుకాణం అద్దాల బీరువాలు తుడిచేది; మధ్యాహ్నానికి వాటి మీద వేలితో మళ్ళీ పేరు రాయొచ్చు. లోపల టింక్చర్ వాసన, బి-కాంప్లెక్స్ బిళ్ళల వాసన, పొయ్యి మీది పచ్చిపులుసు తాలింపు వాసన ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. మా ఇంటి అన్నానికి మందుల వాసన ఉంటుందని నేను కోదాడ కాలేజీ హాస్టల్లో తినడం మొదలుపెట్టాకే తెలిసింది. సెలవులకు ఇంటికి వచ్చిన మొదటి పూట ముద్ద నోట్లో పెట్టుకుంటే తేడా తెలిసేది, రెండో పూటకు తెలిసేది కాదు.

నాయన డాక్టరు కాడు, మందుల చదువు చదివినవాడూ కాడు. గోడమీద ఫ్రేములో ఉన్న సర్టిఫికెట్టు ఇంకెవరిదో, దాన్ని కిరాయికి తెచ్చుకున్నాడు. అయినా మిల్లు హమాలీలకు ఆయన 'డాక్టర్ సాబ్'. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పెన్ను, మాట తక్కువ. వచ్చినవాణ్ణి దురదా మంటా అని ఒకమాట, ఎప్పటినుంచి అని ఒకమాట అడిగేవాడు. ఇంతకుముందు ఏ మందు వాడావని అడగడం నేను వినలేదు, ఎందుకంటే ఇంతకుముందు వాడింది కూడా ఆయన ఇచ్చిందే. మిల్లు పనంటే చెమట, తడి, దుమ్ము. మూటలు మోసేవాళ్ళకు గజ్జల్లో, పంచె బిగించే నడుం చుట్టూ తామర పట్టేది. వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళకు కాలివేళ్ళ సందులు పాచి, తెల్లగా ఒలిచి, నడవలేకుండా చేసేవి. ఇవన్నీ బూజు జాతి రోగాలని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు అవి మా ఇంటి బువ్వ. నాయన ఒక ట్యూబు ఇచ్చేవాడు. రాసిన సాయంత్రానికే దురద అణిగేది. కొన్నాళ్ళకు ఆ తామర తన గుండ్రటి ఆకారం విడిచి, అంచులు చెదిరి, నడుం నుంచి తొడలదాకా పాకి తిరిగి వచ్చేది.

"మళ్ళొచ్చింది డాక్టర్ సాబ్," అనేవాడు హమాలీ. "పెండ్లామన్న అలిగి పుట్టింటికి పోతది. గిది పోదు."

"వానాకాలం ఏటేటా వస్తలేదా? గిదీ గంతే. రాయి," అని నాయన అదే ట్యూబు తీసి ఇచ్చేవాడు. బల్ల మీద చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేవాణ్ణి.

కళ్ళకు కూడా ఆయన దగ్గర ఒకటే మందు, వేలెడంత తెల్ల సీసాలో చుక్కలు. కోతల కాలంలో ఊరంతా ఎర్రకళ్ళే. ఎర్రకన్ను వేసుకుని వచ్చినవాడు ఆ చుక్కలు వేసుకుంటే తెల్లారేసరికి కన్ను తెల్లబడేది. "మనిషి దుకాణం దిగినంక పొద్దుమూకేసరికి సుఖం తెలవాలె. సుఖం తెలిస్తెనే మళ్ళొస్తడు," అని నాయన నాకు వ్యాపారం నేర్పుతూ చెప్పేవాడు. ఆ సుఖం ఎక్కణ్ణుంచి వస్తుందో ఆయనకు తెలియదు. తెలిసి చెడు చేశాడని నేను ఇప్పటికీ అనను. ఆ తర్వాత చేసింది మాత్రం తెలిసే చేశాడు. నేనూ అంతే.

రాములమ్మ పెద్దమ్మ కోతల కాలంలో నేరేడుచర్ల నుంచి మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉండేది. పొడుగు మనిషి, వెడల్పు నుదురు, పెద్ద గొంతు. కంట్లో నలుసు తీయడం ఆమె పని. పని అనకూడదేమో, దానికి ఏమీ పుచ్చుకునేది కాదు; పుచ్చుకుంటే చెయ్యి పనిచేయదని నమ్మకం. వడ్ల ఊక ముక్కో, పైరగాలికి ఎగిరిన నూగో కంట్లో పడిందంటే మనిషిని గడప మీద వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టేది. నీళ్ళతో నోరు పుక్కిలించి, బొటనవేలితో రెప్ప పైకి మడిచి, నాలుక కొనతో కంటిని ఒక్కసారి తుడిచేది. తర్వాత అరచేతిలో ఉమ్మి, అందులో ఊక ముక్కను వెతికి ఆ మనిషికి చూపించేది. చూపించడం ముఖ్యం. చూసుకున్నవాడు తేలికపడి లేచేవాడు. మా వైపు పల్లెల్లో ఇట్లాంటి ఆడవాళ్ళు ఊరికొకరు ఉండేవాళ్ళు. దుకాణం మెట్ల మీదే ఆమె ఆ పని చేస్తుంటే నాయన లోపలి నుంచి అనేవాడు:

"వదినె, నా దుకాణం ఖతం చేస్తవా ఏంది?"

"నీ దుకాణంల నాలుక అమ్ముతవా మరిదీ? అమ్మితె చెప్పు, నేను బంద్ పెడ్త," అనేది పెద్దమ్మ.

వాళ్ళిద్దరి మధ్య ఉన్నది ఎకసెక్కమే, పగ కాదు. అది కూడా రాయాలి. పెద్దమ్మ వచ్చిన రోజుల్లో అమ్మ నవ్వు వీధిలోకి వినిపించేది. ఇద్దరూ వెనక గదిలో ఒకే చాప మీద పడుకుని, చిన్నప్పటి మాటలేవో చెప్పుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ నవ్వును ఆ తర్వాత నేను వినలేదు.

నేను కోదాడలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. అమ్మ పెరట్లో ఇంటి వడ్లు చెరుగుతూ ఉండగా గాలి మళ్ళి ఊక ఎడమకంట్లో పడింది. పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. ఎప్పటిలాగే గడప మీద కూర్చోబెట్టి తీసింది, అరచేతిలో చూపించింది. తీశాక కూడా కన్ను గరగరమంటోందని అమ్మ అంటే, "గీసుకపోయింది అండాలూ, ఒకటి రెండొద్దులు ఉంటది. నలపకు," అంది. మర్నాడు ఊరికి వెళ్ళిపోయింది. తర్వాత కన్ను ఎర్రబడి నీళ్ళు కారడం మొదలైంది. నాయన బీరువాలోంచి చుక్కల సీసా తీసి నా చేతికిచ్చాడు. అమ్మ తల నా ఒడిలో పెట్టుకుంటే రెప్ప విప్పి నేనే వేశాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఎరుపు విరిగింది, నొప్పి తగ్గింది. "సూస్తివా," అన్నాడు నాయన. మేము వేస్తూ పోయాం. మళ్ళీ నొప్పి వచ్చింది, ఈసారి నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చతో. నాయన చుక్కలు పెంచమన్నాడు. పెంచాను. మచ్చ కందిబద్దంత అయింది, వెలుతురుకేసి చూడలేక అమ్మ మొహం మీద కొంగు కప్పుకుని పడుకునేది.

అప్పుడు సూర్యాపేట తీసుకెళ్ళాం. కంటి డాక్టరు పెద్దవయసు మనిషి, దీపం పట్టుకుని చాలాసేపు చూసి, "బూజు పట్టిందమ్మా," అన్నాడు. "ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెడితే పడుతుంది చూడు, ఆ జాతిదే. ఊకతో పాటు వస్తుంది." తర్వాత నాయన వైపు తిరిగి, "ఏమన్నా చుక్కల మందు వేశారా?" అని అడిగాడు. ఆ సీసా నా చొక్కా జేబులో ఉంది. బస్సులో వేయాల్సి వస్తుందని పెట్టుకున్నాను.

"ఏం వెయ్యలే సార్," అన్నాడు నాయన. సర్టిఫికెట్టు వేరేవాడిది, దుకాణం ఆయనది. డాక్టరు ముందు ఆ మాట రాదు. ఆగి, ఇంకో మాట అన్నాడు. "ఈమె అక్క నాలుకతోటి నలుసు తీసింది సార్. దానితోటి అయితదా?"

డాక్టరు మొహం చిట్లించాడు. "నాలుకతోనా? కావచ్చు. చెప్పలేం. అదేం అలవాటయ్యా."

'చెప్పలేం' అన్న మాట గది బయటికి రాలేదు. 'కావచ్చు' ఒక్కటే వచ్చింది. డాక్టరు బూజుకు వేరే మందు రాసిచ్చాడు. వేస్తే అమ్మకు మండేది, కన్ను ఎర్రగానే ఉండేది. ఎరుపు తగ్గడానికని నాయన పాత చుక్కలు కూడా దాంతోపాటు వేయిస్తూ వచ్చాడు. వేసిన చెయ్యి నాదే. హైదరాబాదు పెద్ద దవాఖానకు చేరేసరికి చూపు పోయింది. గుడ్డు తీయకుండా ఉంచగలిగామని, అదే అదృష్టమని అక్కడివాళ్ళు అన్నారు.

విషయం తెలిసి పెద్దమ్మ మొదటి బస్సుకు వచ్చింది. అమ్మ కంటికి కట్టుతో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వచ్చిన అడుగుల చప్పుడు గుర్తుపట్టి, తిరగకుండానే అంది, "నా కన్ను నాకి పోయినవ్ గదనే." పెద్దమ్మకు మొదట అర్థం కాలేదు. నాయన దుకాణం మెట్ల మీద నలుగురు వింటుండగా అర్థమయ్యేలా చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. నా వైపు చూసింది. "డాక్టరు గట్లనే అన్నడా బిడ్డా?" అని అడిగింది. చదువుకుంటున్నవాణ్ణి, నా మాట నమ్ముతుంది.

"అన్నడు పెద్దమ్మా," అన్నాను.

ఆమె తెచ్చిన సంచి మెట్టు మీదే వదిలి బస్టాండు వైపు నడిచింది. మళ్ళీ మా ఇంటికి రాలేదు.

అప్పటికి నాకు కూడా అసలు సంగతి తెలియదని ఒక సాకు ఉంది. ఆ సాకు కోదాడలో పోయింది. చదువు అయ్యాక అక్కడే జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊళ్ళో కంటి శిబిరం పెడితే సాయానికి వెళ్ళాను. కంట్లో పువ్వుతో వచ్చిన కూలీలను డాక్టరు ఒక్కొక్కరిని ఏ మందు వేశారని అడుగుతున్నాడు. కొందరు కొంగుముడి విప్పి సీసాలు తీసి చూపించారు. అదే వేలెడంత తెల్ల సీసా. "మాస్టారూ, ఇటు చూడండి," అని ఆయన నన్ను పిలిచి చెప్పాడు. "ఇందులో స్టెరాయిడ్ ఉంటుంది. బూజు పట్టిన కంట్లో ఇది వేస్తే ఒంట్లో కాపలా ఉన్నవాణ్ణి నిద్రపుచ్చి దొంగకు తలుపు తీసినట్టే. గొడవ అణుగుతుంది కదా, తగ్గిందనుకుంటారు. లోపల వాడు ఇల్లంతా దోచేస్తుంటాడు." నాలుకతో తీస్తే వస్తుందా అని అడిగాను. "అది మంచి అలవాటు కాదండీ. కాని చాలామందికి ఊకతోనే వస్తుంది. కన్ను పోయేది మాత్రం ఎక్కువగా ఈ సీసాతో," అన్నాడు.

ఆ ఆదివారం మిర్యాలగూడ వెళ్ళి నాయనతో చెప్పాను. ఆయన బిళ్ళలు కాగితంలో పొట్లం కడుతూ విన్నాడు.

"ఇప్పుడు ఏమంటవ్?"

"అమ్మకు చెప్దాం. పెద్దమ్మను పిలుద్దాం."

"చెప్తె కన్నొస్తదా?"

"రాదు."

"దుకాణం ఉంటదా?"

నాయన ఇంకో కాగితం తీసి బిళ్ళలు పోశాడు. "ఉన్న కంటితోటి మీ అమ్మ నన్నెట్ల సూస్తదో అది ఆలోచన చెయ్యి," అని పొట్లం కొసలు మడిచాడు. ఆ తర్వాత ఇంకో చుక్కల మందు తెప్పించాడేమో అని కొన్నాళ్ళు బీరువా వైపు చూశాను. తెప్పించలేదు. అదే అమ్మాడు.

నేను ఊరుకున్నది ఆయన కోసమని రాసుకుంటే బాగుంటుంది గాని, అంతటితో ఊరుకోలేదు. శిబిరానికి ముందునుంచే మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలు నడిచేవి. కోదాడ, సూర్యాపేట, ఆత్మకూర్ బడుల్లో నేను మాట్లాడేవాణ్ణి. చేతబడి గురించి, తాయెత్తుల గురించి చెబుతుంటే పిల్లలు ఆవులించేవాళ్ళు. ఒక రోజు, ఎందుకు వచ్చిందో నోటికి, మా అమ్మ కన్ను కథ చెప్పాను. రెప్ప మడవడం, నాలుక చాచడం చేసి చూపించాను. ఒక్కరూ ఆవులించలేదు. ఆఖర్న "ఆ నాలుక మా అమ్మ కన్నును తినేసింది" అన్నాను. ఆ తర్వాత చప్పట్లు. దాంతో ప్రతిచోటా అదే చెప్పాను. కోదాడ శిబిరం తర్వాత కూడా చెప్పాను, తెలిసి చెప్పాను. చుక్కల సీసాలో కథ లేదు. పేదింటి పెద్దావిడ నాలుకలో ఉంది. పైగా ఆమె ఆ హాల్లో ఉండదు, లేచి అడగదు.

నాయన పోయాడు. దుకాణం చేతులు మారింది. అమ్మను సూర్యాపేటకు తెచ్చుకున్నాను. చెప్పడానికి ఇంటినిండా ఖాళీ సమయం ఉండేది, చెప్పలేదు. ఆ పొద్దున ఫోన్ వచ్చాక, చాట పక్కన కింద కూర్చుని, చెప్పాను. డాక్టరు అడిగింది, నాయన అన్నది, నా జేబులో ఉన్నది, కోదాడలో విన్నది. అమ్మ పప్పు ఏరడం ఎక్కడ ఆపిందో నేను చూడలేదు. చాట పక్కకు జరిపింది.

"తెల్సినప్పుడు చెప్పకపోతివి. మీ నాయిన ఉన్నప్పుడు చెప్తే ఆయనతోటి కొట్లాడుదు. అక్క ఉన్నప్పుడు చెప్తే కాళ్ళు పట్టుకుందు. ఇద్దరు పోయినంక చెప్తివి. ఇప్పుడు నేను ఎవర్ని పట్టుకోవాలె రా?"

కొంగు దులుపుకుని లేచింది. "చీర కొనుక్కరా పో. తెల్లది తేకు, ఆమెకు ఆకుపచ్చ ఇష్టం," అంది.

నేరేడుచర్ల చేరేసరికి పాడె కట్టి ఉంది. మా కోసం ఆపారో, వాన వల్ల ఆగిందో నేను అడగలేదు. అమ్మ చీర కప్పి, పెద్దమ్మ మొహం మీదికి వంగి, తల పక్కకు తిప్పి కుడికంటితో చూసింది. ఏడవలేదు. సుజాత ఆమెను పట్టుకుని లేపింది. లేపుతూ నాతో అంది, "మీ ఇంటి నుంచి వచ్చినంక మా అమ్మ ఎవ్వరి కంట్ల ఏం పడ్డా దర్వాజ వేసుకునేది అన్నా. నా కొడుకు కంట్ల ఊక పడి లబలబ మొత్తుకున్నా బయటికి రాలే. పొద్దున పండ్లపుల్ల చీల్చి నాలుక గీసుకుంటె నెత్తురొచ్చినదాక ఇడిచేది కాదు. ఎందుకే అంటే, నా చెల్లె కన్ను దీని మీద ఉన్నదే, అనేది."

అప్పుడు, అక్కడ కూడినవాళ్ళ ముందు, నాకు చేతనైనట్టు చెప్పాను. తప్పు పెద్దమ్మది కాదని, మా దుకాణం మందుదని, డాక్టరు ముందు మేము అబద్ధం చెప్పామని. ఉపన్యాసాల గొంతు రాలేదు. మాటలు తడబడ్డాయి, డప్పుల చప్పుడులో సగం వినపడలేదు. వాన వచ్చేలా ఉంది, వాళ్ళ తొందర వాళ్ళది. ఒక ముసలాయన, "సరె, ఇగ లేపుండ్రి," అన్నాడు. సుజాత మాత్రం పూర్తిగా విన్నది. "ఆమెకు చెప్తే అయిపోయేది గద," అంది, అంతే.

వల్లకాటి నుంచి తిరిగివచ్చేటప్పుడు కాలవ గట్టు మీద ఒకతను నా పక్కన నడిచాడు. వెంకన్న, కోదాడలో నా దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు నేరేడుచర్ల బడిలో టీచరు. "సార్, మీరు చెప్పిన నాలుక కథ ఈమెదేనా?" అన్నాడు ఆశ్చర్యంగా. "నేను ఏటా చెప్తా సార్ పిల్లలకు. మీరు చేసినట్టే రెప్ప మడిచి చూపిస్త." ఆ కథ తప్పని, ఇప్పుడు విన్నావు కదా అని, ఇకమీదట చుక్కల మందు సంగతే చెప్పమని అడిగాను. బతిమాలినట్టే అడిగాను. అతను మర్యాద తెలిసినవాడు. కాసేపు తల ఊపుతూ నడిచాడు.

"చెప్త సార్, అది గూడ చెప్త," అన్నాడు. "కాని పిల్లలకు పాతదే జల్ది పడ్తది. నాలుక అనంగనే చెవులు పెడ్తరు. సీసా అంటే ఎవరు ఇంటరు సార్?"

ముందు అమ్మ సుజాత భుజం పట్టుకుని నడుస్తోంది. అతని మాటలో తప్పు లేదు. జల్దీ పట్టేలా దాన్ని చెక్కింది నేనే.